నీళ్ళ బరువు

గుంటూరు మిర్చి యార్డులో కాటా పేరయ్య చేతిని మోసం చేసిన రైతు ఇంతవరకు పుట్టలేదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, కాటా ఎక్కకముందే గోతంలోకి చెయ్యి జొనిపి, గుప్పెడు కాయలు తీసి నొక్కి చూస్తాడు. ఎండిన కాయ గలగలమంటుంది. బరువు కోసం నీళ్ళు చల్లిన కాయ మెత్తగా మడతపడి, అట్లాగే ఉండిపోతుంది. "ఏందయ్యా, కాయ తెచ్చావా, చెరువు తెచ్చావా?" అంటాడు. ఆ చేతికి యార్డులో ఉన్న గౌరవం ఆ మనిషికి బయటెక్కడా లేదు. ఉండేట్టు బతకనూ లేదు.

ఇరవై ఏళ్ళు తాగాడు. పదహారు నెలల కిందట రక్తం కక్కుకుని పడిపోతే హమాలీలే ఆటోలో వేసుకుని బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి చేర్చారు. లివరంతా మచ్చలు కట్టి గట్టిపడిపోయిందనీ, పోయింది తిరిగి రాదనీ, మిగిలిందాన్ని కాపాడుకోవాలనీ ఆవిడ చెప్పింది.

"వెంట ఎవరొచ్చారు?" అని అడిగింది.

"బయట కూర్చున్నారండి," అన్నాడు పేరయ్య. బయట బల్ల మీద ఎవరూ లేరు. హమాలీలు చేర్చిన రోజే పనికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చూపించుకోవడానికి వెళ్ళిన మూడుసార్లూ అదే ప్రశ్న, అదే అబద్ధం.

డాక్టరమ్మ గబగబా చాలా చెప్పింది. మందు చుక్క ముట్టొద్దు. ఉప్పు బాగా తగ్గించు, పచ్చళ్ళు మానెయ్. పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం మానొద్దు. ఖాళీ కడుపుతో పడుకోవద్దు. ఒళ్ళునొప్పులకి మాత్రలు నీ అంతట నువ్వు కొనుక్కోవద్దు. రోజూ పొద్దున్నే బరువు చూసుకో. ఇద్దరు విని ఉంటే తలా సగమైనా గుర్తుండేవి. ఒక్కడే విన్నాడు. మందు మానాలి, బరువు చూసుకోవాలి, ఈ రెండే బుర్రకెక్కాయి. కాటా మనిషి కదా, బరువు పెరగడం మంచిదే అనుకున్నాడు.

అలా అనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అతని భార్య సంతోషకుమారి మూడేళ్ళ కిందటే కనిగిరిలో తమ్ముడింటికి వెళ్ళిపోయి, అక్కడే బట్టలు కుడుతోంది. ఆసుపత్రిలో ఉండగా ఫోను చేసి, ఇక తాగనన్నాడు. "మాటలు చాలా విన్నాను. బాగుపడితే నా కంటికి కనపడాలి," అని పెట్టేసింది.

అప్పటి నుంచి నెలకోసారి, యార్డులో సందడి మొదలవక ముందు, తనే కాటా ఎక్కి నిలబడేవాడు. ఎర్రగా వెలిగే అంకెను ఫోటో తీసి, ఒక్క మాట కూడా రాయకుండా ఆమెకు పంపేవాడు. యాభై నాలుగు. యాభై అయిదు. ఆమె చూసినట్టు రెండు నీలం గీతలు పడేవి. జవాబు రాదు. అన్నం ముందు కూర్చుని ఆ గీతలనే చూసుకుంటూ తినేవాడు. గదిలో ఇంకో మనిషి గొంతు వినక ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడం మానేశాడు.

యాభై ఏడయింది. అరవై అయింది. "ఒళ్ళు చేశావే పేరయ్యా," అన్నారు యార్డులో. అతను పొంగిపోయాడు, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం కూడా మానేశాడు. బుగ్గలు పీక్కుపోయి, చేతులు పుల్లలై, పొట్ట ఒక్కటే ముందుకొచ్చిందని చెప్పడానికి ఇంట్లో మనిషేది?

ఒక పొద్దున, తొడిమలు తీసే ఖాదర్‌బీ అతని కాళ్ళ వంక చూసింది. "చెప్పులు చిన్నవి కొన్నావా అన్నా? పట్టీ లోపలికి దిగిపోయింది."

పేరయ్య నవ్వేసి టిక్కీ దగ్గరికి పోయాడు. గుప్పెడు కాయ తీసి నొక్కాడు. అది మడతపడి అలాగే ఉండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచినవాడు ఆగిపోయాడు. అక్కడే కూర్చుని, లుంగీ ఎత్తి, అదే బొటనవేలితో తన ముంగాలు నొక్కాడు. గుంట పడింది. చూస్తూ కూర్చున్నాడు. గుంట పూడలేదు.

ఆ రోజే బ్రాడీపేట వెళ్ళాడు.

"పొట్టలో నీళ్ళు చేరాయి. ఉప్పే వాటిని పట్టి ఉంచుతుంది," అంది డాక్టరమ్మ. "రోజూ బరువు చూడమన్నది ఇందుకే. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే రమ్మన్నానా లేదా? బయట ఉన్నవాళ్ళని పిలువు, వాళ్ళకే చెప్తాను."

పేరయ్య లేచి తలుపుదాకా వెళ్ళాడు. బల్ల వంక చూసి, తిరిగొచ్చి నిలబడ్డాడు. "ఎవరూ లేరండి. ఎప్పుడూ ఎవరూ రాలేదు."

ఆవిడ తెల్లకాగితం తీసి, అన్నీ పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది.

ఆ కాగితం గోడకు అతికించాడు. పెసరపప్పులో ఉప్పుకు బదులు నిమ్మకాయ పిండుకున్నాడు. గుడ్లు ఉడకేసుకున్నాడు. పడుకునేముందు పాలల్లో అటుకులు. చప్పిడి కూడు గొంతు దిగక కంచం ముందు ఏడ్చిన రోజులున్నాయి. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలకు పొట్టలో నీళ్ళు మెల్లగా దిగాయి. మూడు వారాలకు కాటా ఎక్కితే అంకె యాభై ఒకటి. మొదలుపెట్టిన దానికన్నా తక్కువ.

ఇది ఎలా పంపడం? మళ్ళీ తాగుతున్నాడనుకుంటుంది. ఆ భయంతో రెండు రోజులు ఫోను జోలికి పోలేదు. మూడోనాడు ఫోటో పెట్టి, మొదటిసారి దాని కింద రాశాడు.

"అప్పుడు పంపినవి నీళ్ళ బరువంట. నా బరువు ఇదే. తాగడం లేదు. ఉప్పు మానమన్నారు, మానేశా."

నీలం గీతలు పడ్డాయి. మధ్యాహ్నం అన్నాల వేళకు ఫోను మోగింది. మాట్లాడే ఫోను కాదు, రాసిన రెండు ముక్కలు.

"రేపటిది కూడా పెట్టు. పెరుగన్నంలో కూడా వేసుకోకు."

పేరయ్య ఎదురుగా క్యారేజీ గిన్నెలో పెరుగన్నం ఉంది. ఆ ఒక్కదాన్లో మాత్రం చిటికెడు ఉప్పు వేసుకుంటూనే ఉన్నాడు. ఆ సంగతి డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.