తమ్ముడికి పెట్టిన పత్యం

మా తమ్ముడు పనిదొంగ కాదు. ఇల్లందులో ఇరవై ఏళ్లుగా వాణ్ని పనిదొంగ అంటుంటే ఒళ్లు మండుతుంది. ముందు నా మీదే.

అప్పట్లో వాడు బొగ్గు గనిలో పనిచేసేవాడు. జబ్బు చేస్తే హైదరాబాదులో ఊపిరితిత్తి కొంత కోసి తీసేశారు. గుడ్లు, పప్పు బాగా పెట్టమని డాక్టరు చెప్పి పంపాడు. అవి తింటే కుట్లకు చీము పడుతుందని అమ్మ పత్యం పెట్టింది. నేనూ సరేనన్నాను. రెండు నెలలు మిరియాల చారు, మెతుకులే. నొప్పికి నిద్ర కూడా ఉండేది కాదు.

ఒకరోజు బోరింగు నుంచి సగం బిందె తెస్తూ దారిలోనే కూలబడ్డాడు.

"కుట్లు మానినయ్ గదరా, ఇంకేంది? పనిదొంగ!" అన్నాను నలుగురిలో.

"ఒంట్ల సత్తువ లేదన్నా. ఒక్క గుడ్డన్న పెట్టుమని అమ్మకు చెప్పు."

"తిని మళ్ల పండుకుంటవా?" అన్నాను. అందరూ నవ్వారు.

తర్వాత పరీక్షకు తీసుకెళ్తే డాక్టరు నన్ను కడిగేశాడు. "ఆపరేషన్ బాగానే అయింది. మీరే పస్తు పెట్టారు. తిండీ నిద్రా లేకపోతే నీరసం రాదా?"

ఆ రోజు నుంచి గుడ్లు పెట్టాం. మెల్లగా కోలుకుని, గనిలోకి దిగకుండా పైనే చేసే తేలిక డ్యూటీకి వెళ్లాడు. డాక్టరు అన్నది మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నా పరువు కోసం వాడి పేరు చెడనిచ్చాను.