జాంబీల మీద పేలిన పైపు తుపాకీ

ఫోన్లలో నెట్ చవకైపోయిన ఆ రోజుల్లో పలాస నుంచి కంచిలి దాకా మా ఈడు కుర్రాళ్ళెవరికీ నిద్రాహారాలు ఉండేవి కావు. ఎక్కడో పరాయి దేశంలో చచ్చినవాళ్ళు లేచి ఊళ్ళ మీద పడుతుంటే, బతికినవాళ్ళు వాళ్ళని తుపాకులతో కాల్చుకుంటూ పారిపోతుంటే, మేము కొబ్బరిచెట్ల కింద మంచాలేసుకుని, ఫోన్లలో చూస్తూ, వాళ్ళ క్షేమం కోసం కంగారు పడేవాళ్ళం. మా అమ్మ ఒకసారి వెనక నించుని పది నిమిషాలు చూసింది. "సచ్చినోళ్ళు లెగడవేటిరా? ఆళ్ళ ఊర్లో కాల్చరేటి?" అని అడిగింది. పూడుస్తారని చెప్పాను. "అదీ సంగతి. కాల్చీసుంటే ఈ గొడవే ఉండదు గదా" అనేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. (తర్వాత చాలా ఏళ్ళు ఆ రంగంలోనే బతికాను గానీ, జాంబీ కథల మీద అంత సూటైన విమర్శ మళ్ళీ వినలేదు.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. టెక్కలిలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు కత్తిరించేవాణ్ణి. తలంబ్రాల దగ్గర పూలవాన కురిపించడం, పెళ్ళికూతురి మొహాన్ని తామరపువ్వులోంచి పైకి లేపడం నా ప్రత్యేకతలు. ఇంత ప్రతిభ టెక్కలిలో వృథా అయిపోతోందని నా గట్టి నమ్మకం. అందుకే జాంబీలు మా ఉద్దానం తోటల్లోనే లేచినట్టు ఒక సీరియల్ మొదలుపెట్టి, రెండు భాగాలు తీసి నెట్లో పెట్టాను. అవి చూసి హైదరాబాద్‌లో సీరియళ్ళు తీసే ఒక కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. మూడో భాగం ఏడు నిమిషాలు తీసి సోమవారం లోపల పంపమన్నాడు, నచ్చితే ఎడిటింగ్‌లో చేర్చుకుంటామన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే మా నాన్న కూడా సోమవారాన్నే గడువు చేసుకున్నాడు. "ఆళ్ళు రమ్మంటే ఎల్లు. నేదంటే మంగళారం నుంచి జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా పన్లో చేరు. నాను మాటాడీసాను" అన్నాడు. నా జీవితం ఏడు నిమిషాల మీద వేలాడుతున్న ఆ సమయంలో రంగంలోకి దిగాడు సుబేదారు మావ.

మావ మా అమ్మకి తమ్ముడు. మిలటరీలో ఇరవై నాలుగేళ్ళు చేసి, సుబేదారుగా రిటైరై వచ్చి, తెల్లారకుండా లేచి సముద్రపొడ్డున ఇసకలో నడవడం, ఊళ్ళో వంకరగా పెట్టిన సైకిళ్ళన్నీ సరిగా నిలబెట్టడం వ్యాపకాలుగా పెట్టుకున్న మనిషి. నా రెండు భాగాలూ ఫోన్లో పెట్టి, మెచ్చుకుంటాడని ఆశగా పక్కన కూర్చున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, ఎక్కడా నవ్వకుండా, ఎక్కడా బెదరకుండా చూశాడు.

"ఒరే, ఆడి తుపాకీలో ఎన్ని గుళ్ళున్నాయిరా?"

"లెక్కెట్టనేదు మావ."

"నానెట్టాను. నలభై ఏడు కాల్చినాడు. మేగజీనుకి ముప్పయ్యే పడతాయి. మార్చినాడా అంటే మార్చనేదు. మీ జాంబీల్నాగ ఆ గుళ్ళు కూడా సచ్చి లెగుత్తన్నాయేటి?"

నేను ఏదో అనబోయాను. ఆగలేదు. "ట్రిగ్గరు మీద ఏలెట్టుకుని పరిగెడతన్నాడు, ముందు ఆడి కాలే ఆడు కాల్చుకుంటాడు. పేలితే బుజం ఇసుమంత కదల్నేదు. తుపాకీ గేదె తన్నినట్టు తంతాదిరా. పైపెచ్చు పేల్చుకుంటా గుసగుసలాడుకుంటన్నారు. ఒక్కటి పేలితే సెవులు గింగురుమంటాయి, పక్కనోడి కేకే ఇనబడదు, గుసగుసేటి?" అన్నాడు. చచ్చినవాళ్ళు లేచి నడవడంలో మాత్రం ఏ తప్పూ పట్టలేదు. అది ఆయన శాఖ కాదు.

మూడో భాగానికి తనే దగ్గరుండి చూస్తానన్నాడు. వద్దనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మా హీరో జిమ్ బావ (మా మేనత్త కొడుకు, పలాసలో జిమ్‌కి వెళ్ళి కండలు పెంచాడు, ఆ కండలు చూసే హీరోని చేశాను) చేతిలో ఉన్నది పనసకర్రతో చేయించి నల్లరంగు పూసిన తుపాకీ. మావ దాన్ని ఒక వేలితో ఎత్తి చూసి, లోపల తొలిపించి ఇసక నింపించాడు. అసలు తుపాకీ నాలుగు కిలోలుంటుందట. దాన్ని భుజాన ఆన్చి పది నిమిషాలు నిలబడేసరికి జిమ్ బావ చేతులు వణకడం మొదలెట్టాయి. అవసరం లేనప్పుడు ట్రిగ్గర్ మీదికి వేలు పోతే మావ "ఏలు!" అని అరిచి కొబ్బరి ఈనెతో ఒకటి అంటించేవాడు. ముప్పై గుళ్ళయ్యాక మేగజైన్ మార్చాలన్నాడు. సరే మార్చాడు. మార్చినంతసేపూ జాంబీలు మర్యాదగా ఆగి నించున్నారు. "ఆగుతారేటిరా? ఇదేటి పెళ్ళి బంతా?" అని మావ వాళ్ళనీ తిట్టాడు. దాంతో వాళ్ళు ఆగడం మానేశారు. రిహార్సల్లో మా హీరోని మూడుసార్లు తినేశారు.

చివరికి శబ్దం దగ్గరికొచ్చాం. అది నేను తర్వాత కంప్యూటర్లో వేసుకుంటానన్నాను. మావ ఒప్పుకోలేదు. పక్కన నిజంగా పేలితేనే మొహంలో బెదురు నిజంగా వస్తుందని ఆయన వాదన. షూటింగ్ పెట్టుకున్నది జీడితోటలో. మా తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. జీడిపళ్ళ రోజుల్లో మరీను. వాటిని బెదరగొట్టడానికి రైతులు ప్లాస్టిక్ పైపుతో చేసి కార్బైడుతో పేల్చే తుపాకీ ఒకటి ఉంచుకుంటారు. గుండూ ఉండదు, ఏమీ ఉండదు, ఒట్టి మోత. మావ అలాంటిది ఒకటి సంపాదించాడు. ఇక్కడొక కట్టుబాటు ఉంది. పైపు పేలిందంటే ఎలుగు కనబడిందని లెక్క. విన్నవాళ్ళెవరైనా చేతిలో పని వదిలేసి, కర్రో కత్తో రేకుడబ్బానో పట్టుకుని అటు పరిగెత్తాలి. అందుకని మావ నాతో, "తోట సుట్టూరా మూడూళ్ళున్నాయి. మూడింటికీ ఎల్లి, రేపు పైపు పేలితే రావద్దని సెప్పిరా. ఫోన్ కాదు, ఎల్లి సెప్పు" అన్నాడు.

రెండూళ్ళకి వెళ్ళి చెప్పాను. మూడోది తోటకి అవతల కొసన, ఇసకదారిలో సైకిలు తొక్కుతూ పోవాలి. అంత దూరం వినబడుతుందా అని ఒక్క క్షణం ఆలోచించాను. నాకు తెలిసిన తుపాకులన్నీ సీరియళ్ళలోవే. వాటిల్లో ఒక గదిలో పేలితే పక్క గదిలో పడుకున్నవాడు లేవడు. ఆ అనుభవంతో, వినబడదని తేల్చుకుని ఇంటికొచ్చేశాను. మావ అడిగితే చెప్పేశానన్నాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి తోటలో దిగాం. జాంబీలు ఎనిమిది మంది. సగం జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు, సగం సముద్రం మీదికి వేటకెళ్ళే కుర్రాళ్ళు. చిరిగిన చొక్కాలు, మొహాలకి తవుడు, దానిమీద బెల్లంపాకంలో కలిపిన కుంకుమ. ఈగలు ముసురుతుంటే మరింత సహజంగా ఉన్నారు. "కట్ అనేదాకా ఏం జరిగినా మీరు జాంబీలే" అని నేను గట్టిగా చెప్పాను. మావ చెట్టు చాటున పైపు పట్టుకుని నించున్నాడు. కెమెరా స్టాండు మీద తిరుగుతోంది. యాక్షన్ అన్నాను. పైపు పేలింది. తోటలో ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి. జిమ్ బావ చేతిలో తుపాకీ జారి కాలిమీద పడింది. చచ్చిపోయిన ఎనిమిది మందీ చెవులు మూసుకున్నారు. "అదీ! ఇప్పుడొచ్చింది నిజం!" అని మావ ఎన్నడూ లేనంత సంతోషంగా అరిచి మళ్ళీ పేల్చాడు. మొత్తం నాలుగు.

నాలుగోది పేలిన కాసేపటికి తూరుపు వైపు నుంచి కేకలు. "ఎలుగో! ఎలుగో! ఆడోళ్ళు ఎనక ఉండండి!" అంటూ మూడో ఊరు ఊరంతా వస్తోంది. అందరికన్నా ముందు ఒక కుంటి మనిషి కర్రెత్తుకుని పరిగెత్తుకొస్తున్నాడు. ఆయన్ని ఒకప్పుడు ఇదే తోటలో ఎలుగు చీరేసింది. ఒక చెంపా, ఒక కాలూ పోగొట్టుకున్నంత పనైంది. ఆయన వెనక నలభై మంది. నేను కెమెరా ఆపలేదు. జాంబీలు కూడా ఆగలేదు, కట్ అనే మాట వాళ్ళకి వినబడలేదు కాబట్టి, మూలుగుతూ కాళ్ళీడ్చుకుంటూ వాళ్ళకి ఎదురెళ్ళారు.

సీరియళ్ళలో ఐతే ఇక్కడ జనం కెవ్వున అరిచి పారిపోవాలి. మా జనం పారిపోలేదు. "ఓలమ్మో, ఎంతమందిని సీరీసిందో!" అని ఏడుస్తూ జాంబీల మీద పడ్డారు. పట్టుకుని కూర్చోబెట్టారు. చీరచెంగులు చింపి కట్లు కట్టారు. ఒకాయన అంబులెన్సుకి ఫోన్ కలుపుతున్నాడు. ఒక ముసలమ్మ ఒక జాంబీ తల ఒళ్ళో పెట్టుకుని, శోకాలు పెడుతూ, సీసాలో నీళ్ళు మొహం మీద పోసింది. బెల్లం కారిపోయి కిందినుంచి తన కూతురి కొడుకు బయటపడ్డాడు.

"నువ్వేటిరా?"

"జాంబీని అమ్మమ్మా."

చెంప పగిలింది. (ఆ చప్పుడు చాలా బాగా రికార్డయింది.) ఈలోగా ఇంకెవరో జిమ్ బావని పట్టుకుని, "సేతిలో తుపాకెట్టుకుని సెట్టెనకాల నక్కేవేటిరా?" అని అది లాక్కున్నారు. గొట్టంలోంచి ఇసక కారింది. అప్పుడు అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత తిట్లు ఉంటాయనుకున్నాను. కుంటి మనిషి ఇసకలో కూలబడి రొప్పుతున్నాడు. "నిజంగా నేదా?" అని మావని అడిగాడు. "నేదు బావ" అన్నాడు మావ. "నేకపోతే మంచిదేలే" అని కర్ర పక్కన పెట్టాడాయన. మావ అందరి ముందూ నిలబడి చేతులు జోడించి, "తప్పు నాది. కబురెట్టమన్నాను గానీ ఎట్టారో నేదో సూసుకోనేదు" అన్నాడు. నావైపు తిరగలేదు. తిరిగుంటే బాగుండుననిపించింది.

రాత్రికి రాత్రి కూర్చి పంపించాను. సోమవారం హైదరాబాద్ నుంచి ఫోన్. "జనం వచ్చే సీన్ అదిరిపోయింది, అంతమంది ఆర్టిస్టులు ఎక్కడ దొరికారండీ? కాస్త పొడుగైంది, తగ్గించండి. తుపాకీ శబ్దం మాత్రం బొత్తిగా నకిలీగా ఉంది, ఎవరో డబ్బా మీద కొట్టినట్టు. మాది పంపుతున్నాం, అది వేయండి" అన్నాడు. వేశాను. తగ్గించాను. ఉద్యోగం వచ్చింది. మంగళవారం జీడిపప్పు ఫ్యాక్టరీ గుమస్తా కుర్చీలో ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు.

వెళ్ళేముందు మావకి చూపించాను. శబ్దం మార్చినందుకు ఏమంటాడోనని భయపడ్డాను. దాని ఊసే ఎత్తలేదు. "అందరికన్నా ముందొచ్చినోడు ఏడిరా?" అన్నాడు. "హైదరాబాదోళ్ళు తగ్గించమన్నారు మావ" అన్నాను. చివరిదాకా చూశాడు. చివర్లో 'ఆయుధ సలహాదారు' అని ఆయన పేరు పెద్ద అక్షరాలతో వేశాను. దాన్ని రెండుసార్లు చదువుకుని, ఫోన్ నా చేతిలో పెట్టి, "నా పేరు కూడా తగ్గించీ" అన్నాడు. కోపంగా అనలేదు. తీసేశాను.

హైదరాబాద్ తగ్గించమన్నది నిజమే. ఏది తీసెయ్యాలో వాళ్ళు చెప్పలేదు. నేను తీసేసిన ముక్క మొత్తం ఏడు సెకన్లు. మధ్యలో కుంటి మనిషి, పళ్ళు బిగించి, ఎలుగు ఉందనుకున్న చోటికి నేరుగా పరిగెత్తుకొస్తుంటాడు. ఎడమ మూలన, ఒక బక్కపల్చటి కుర్రాడు కెమెరా వదిలేసి, ఒక చెప్పు కూడా వదిలేసి, ఇంకో దిక్కుకి పారిపోతుంటాడు. అక్కడ ఎలుగూ లేదు, తుపాకీ లేదు అని లోకంలో అందరికన్నా బాగా తెలిసినవాడు వాడే. కేక వినగానే అన్నీ మర్చిపోయాడు. ఇందాక కెమెరా ఆపలేదని రాశాను కదా, ఆపడానికి నేను అక్కడ ఉంటే కదా. మళ్ళీ వెనక్కి వచ్చేసరికి ముసలమ్మ చెయ్యెత్తుతోంది.

ఆ ముక్క పారెయ్యలేదు. కిందటేడు ఊరెళ్ళినప్పుడు మావ పక్కన కూర్చుని చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని మూడుసార్లు వేయించుకున్నాడు. రెండుసార్లు కుంటి మనిషినే చూశాడు. మూడోసారి మూలకి వేలు పెట్టాడు.

"ఇది నువ్వేనేటి?"

"నేనే మావ."

"కాళ్ళు బాగానే ఎత్తినావురా. మిలట్రీలో తీసుకుందురు."

ఏ దిక్కుకి ఎత్తానన్నది మాత్రం అడగలేదు. ఆ చెప్పు లేని కుర్రాణ్ణి చూసి నేనూ నవ్వేశాను.