పన్నెండు జతల చెప్పులు

నా చిన్నప్పుడు రేణిగుంటలో ఈస్టరుకు ముందు పవిత్ర గురువారం వచ్చిందంటే కాళ్ళు ముందు ఇళ్ళలో కడిగేవాళ్ళు, ఆ తర్వాతే చర్చిలో. ఏసుప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా ఆ సాయంత్రం పూజలో ఫాదరు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ఆ పన్నెండు మందీ ఎప్పుడూ సంఘం పెద్దలే. ఫాదరు చేతికి మురికి అంటితే పరువు పోతుందని వాళ్ళు మధ్యాహ్నం నుంచే ఇటుకముక్కతో మడమలు రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, కొబ్బరినూనె రాసుకుని వచ్చేవాళ్ళు. ఫాదరు కడగడానికి ఆ కాళ్ళలో ఏమీ మిగిలేది కాదు.

తొంభైల మొదట్లో, నేను ఆరో తరగతి చదివే ఏడు, మా ఫాదరు ఆ గురువారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం పూజ ముగిస్తూ ఒక మాట చెప్పారు. ఈసారి పాదాలు కడిగించుకునేది రైల్వే గూడ్సు షెడ్డులో మూటలు దించే హమాలీలని. మా పేటలో హమాలీలు చాలామంది చర్చివాళ్ళే, మా నాయన కూడా వాళ్ళలో ఒకడు. బయటికి వస్తుంటే ఒక పెద్దాయన పక్కవాడితో అనడం నేను విన్నాను. "ఆ కాళ్ళు కడగాలంటే బిందెలు సాలవప్పా, లారీతో నీళ్ళు తోలల్ల." మా అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఆమె మొహం వెలిగిపోతూ ఉంది. మా నాయన మొహం మాత్రం పాలిపోయింది.

ఎందుకో నాకు గురువారం మధ్యాహ్నం తెలిసింది. వీపు వంగదని చెప్పి ఆయన తన కాళ్ళు రుద్దే పని నాకు అప్పజెప్పాడు. పెరట్లో బండమీద కూర్చుని వక్క నములుతూ షెడ్డు కబుర్లు చెబుతున్నాడు. ఎడమ అరికాలు రుద్దుతుంటే నా వేలికి ఏదో గీసుకుంది. చూస్తే సోడాబుడ్డి గాజు పెంకు, సగం లోపలికి దిగి ఉంది. చుట్టూ పాత పుండు. నేను పెంకు పీకాను, రక్తం కారింది. మా నాయన కబుర్లు ఆపలేదు. ఆయనకు నొప్పే తెలియలేదు.

నేను రక్తం చూపించాక ఆయన పాదాన్ని తిప్పి చూసుకుని, పుండు చుట్టూ వేలితో నొక్కి చూసుకున్నాడు. ఆ కాలి మీద ఆయనకు ముందే అనుమానం ఉన్నట్టుంది. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అమ్మకు సెప్పొద్దురా. ఎవురికీ సెప్పొద్దు."

ఎందుకు చెప్పకూడదో నాకూ తెలుసు. అంతకు ముందటేడు మా నాయనతో పాటు మూటలు మోసే ఒకాయనకు ఇట్లాగే కాలికి స్పర్శ పోయి, పెద్దరోగమని తెలిసింది. కుష్టు అనే మాట మా పేటలో ఎవరూ నోటితో పలికేవాళ్ళు కాదు. కూలీలను పనిలో పెట్టుకునే మేస్త్రీ ఆయన్ని షెడ్డు గేటు దగ్గరే ఆపేశాడు. అద్దె ఇంటి యజమాని ఆయన గిన్నెలు వీధిలో పెట్టించాడు. ఆ తర్వాత ఆయన తిరుపతిలో, కొండకు నడిచిపోయేవాళ్ళ దారిలో, డబ్బా ముందు పెట్టుకుని కూర్చోవడం మేమంతా చూశాం. తన పాదంలో మా నాయన చూసింది కూడా అదే.

ఆ సాయంత్రం పన్నెండు మంది హమాలీలు చర్చిలో ముందు వరుసలో, ఉతికిన పంచెలతో, పరీక్షకు వచ్చిన పిల్లల్లా కూర్చున్నారు. ఫాదరు మోకాళ్ళ మీద కూర్చుని కొత్త కుండలోని చల్లటి నీళ్ళు పోసి అరికాళ్ళు కడుగుతుంటే, ఆయన పక్కనే ఇంకొకరు తువ్వాలుతో తుడుస్తున్నారు. ఎప్పుడూ ఆ పని పూజలో ఫాదరుకు సాయపడే ఉపదేశిది. ఆ రోజు మాత్రం సిస్టరమ్మ చేసింది. ఆమె కేరళ నుంచి వచ్చి మా చర్చి పక్కన మందుల గది నడిపే కన్యస్త్రీ. మా భాషను రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి మాకంటే ఎక్కువగా మా మాటే మాట్లాడేది.

ఎండాకాలం, చల్లటి నీళ్ళు, పైగా అరికాలు. మొదటాయనకు చక్కిలిగింత ఆగలేదు, కిసుక్కున నవ్వాడు. రెండో ఆయన కాలు వెనక్కు లాక్కున్నాడు. ఒకాయన పక్కవాడి చెవిలో చెబుతున్నట్టే వంగి, చర్చి అంతటికీ వినబడేట్టు అన్నాడు. "కాళ్ళు కడుగుతా ఉండారు సరే, పిల్లనెప్పుడిస్తారప్పా?" ఫాదరు కూడా తల దించుకుని నవ్వుకున్నారు. పెద్దలు మాత్రం నవ్వలేదు.

మా నాయన వంతు వచ్చినప్పుడు నేను నవ్వలేకపోయాను. కుడికాలి మీద నీళ్ళు పడగానే ఆయన వేళ్ళు ముడుచుకున్నాయి. ఎడమకాలి మీద పడ్డాయి, వేళ్ళు కదల్లేదు. సిస్టరమ్మ ఆ కాలు తుడిచింది, తల ఎత్తకుండా తర్వాతి ఆయన దగ్గరికి జరిగింది. హమ్మయ్య, చూడలేదు అనుకున్నాను.

ఈస్టరు పూజ అయ్యాక ఆమె పన్నెండు మందినీ మందుల గదికి రమ్మంది. మూటలు మోసే కాళ్ళు పగుళ్ళిచ్చి ఉన్నాయి, అందరికీ మందు పూస్తానంది. మా నాయన పోనని భీష్మించుకున్నాడు. కాసేపటికి తనే లేచి చొక్కా తొడుక్కున్నాడు. "అందురూ పోతాండారు. నేనొక్కణ్ణే పోకుంటే, ఎందుకు పోలేదంటారు" అన్నాడు. నన్నూ వెంట రమ్మన్నాడు.

సిస్టరమ్మ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, పాత న్యూస్ పేపరు మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీసి, మందు పూసి పంపుతోంది. మా నాయన దగ్గర కూడా అదే చేసింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, నన్ను చూసి, పర్వాలేదనుకుంది కాబోలు, అంది. "అందురూ నవ్వినారన్నా. నీ కుడికాలు కూడా నవ్వింది. ఎడమకాలు నవ్వలేదు."

మా నాయన మూసిన తలుపు వైపు చూసుకున్నాడు. మేస్త్రీకి తెలిస్తే మా గతేమిటని ఒక్కటే అడిగాడు.

"మేస్త్రీకి ఎందుకు తెలుస్తాది? మింగేది నువ్వు గదా."

ఆ తర్వాత ఆమె చెప్పినవన్నీ నెమ్మదిగా, రెండేసి సార్లు చెప్పింది. మాత్రలు మొదలుపెడితే మీ ఇంట్లో ఎవరికీ అంటుకోదని, రోగం పోతుందని, కాకపోతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చని, ఆ కాలిని కళ్ళతో కాపాడుకోవాలని. ఎవరికీ అనుమానం రాకుండా, నెలకోసారి పిండిమూట ఒకటి మా నాయన మందుల గదికి మోసుకు రావాలని షెడ్డుకు కబురు పంపింది. మూట దించి మా నాయన అక్కడే, ఆమె ఎదుటే, నెలకోసారి వేసుకునే మాత్రలు మింగి, రోజూ వేసుకునేవి జేబులో వేసుకునేవాడు. ఇంటి దగ్గర వాటిని గుర్తు చేసే పని నాది.

మూడు నాలుగు వారాలు పోయాక చెప్పులు వచ్చాయి. పన్నెండు జతలు, అన్నీ గోధుమరంగు తోలువే. ఫాదరే తన చేత్తో పంచారు. ఆ ఏడు చర్చికి సున్నం కొట్టించలేదు. పెద్దలు దాని గురించి చాలా రోజులు గొణుక్కున్నారు. హమాలీలు మాత్రం పెళ్ళికొడుకుల్లా షెడ్డుకు నడిచిపోయారు. "కాళ్ళు కడిగినారు, సెప్పులేసినారు, ఇంక మిగిలింది లగ్గమే" అని వాళ్ళలో వాళ్ళు ఒకటే ఎగతాళి.

ఆ రాత్రి మా నాయన చెప్పులు తుడుస్తుంటే నా వేలు ఎడమ చెప్పు లోపల ఒక చోట దిగింది. పైకి కనబడదు గానీ, లోపలి మెత్తటి అట్టను సరిగ్గా ఆ పుండు వచ్చే చోట గుంటగా తొలిచారు. బరువు అక్కడ పడకుండా. మరునాడు పక్కింటి హమాలీ మామ చెప్పులు అడిగి మరీ చూశాను. రెండూ చదునుగా ఉన్నాయి.

నేను పరుగున సిస్టరమ్మ దగ్గరికి పోయి, కావలసింది మా నాయన ఒక్కడికే కదా, మరి అందరికీ ఎందుకని అడిగాను. ఆమె దూదిని ఉండలు చేస్తూ జవాబు చెప్పింది. "ఒక్కడికే ఇస్తే ఊరంతా వాణ్ణి సూస్తారు నాయనా. అందురికీ ఇస్తే సెప్పుల్ని సూస్తారు."

పుండు మానింది. రోగమూ పోయింది. కాలికి స్పర్శ రాలేదు గానీ, మా నాయన ఆ షెడ్డులో ఇంకా చాలా ఏళ్ళు మూటలు మోశాడు. ఆ కూలితోనే నేను చదువుకున్నాను. మేస్త్రీకి చివరిదాకా తెలియలేదు. గురువారం పూజలో హమాలీలు కూర్చోవాలన్న ఆలోచన ఎవరిదో కూడా నాకు చాలాకాలానికి తెలిసింది. రోగమని భయపడి మందుల గది గడప తొక్కని మనుషుల పాదాలు చూడడానికి సిస్టరమ్మకు దొరికిన దారి అది.

ఇంత చూసి పెరిగిన నేను దాన్ని మరిచిపోయాను. అది చెప్పకుండా ఈ కథ ముగించడం తప్పు. పెద్దయ్యాక తిరుపతిలో ఒక లాడ్జిలో మేనేజరుగా కుదురుకుని, అక్కడి చర్చి సంఘంలో పెద్దమనిషినయ్యాను. ఒక క్రిస్మసుకు దుప్పట్ల పంపకం నా చేతికి వచ్చింది. ఫ్లెక్సీ కట్టించాను, కెమెరా పిలిపించాను. వరుసలో ఒకాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటే, నేనే దగ్గరికి పోయి, "తువ్వాలు తియ్యప్పా, మొగం పడల్ల" అన్నాను. ఆయన తీశాడు. దుప్పటి కావాలి కాబట్టి తీశాడు.

ఆ ఫోటో పేపర్లో వస్తే, మెచ్చుకుంటాడనే ఆశతో మా నాయనకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో మొహాన్నీ చూశాడు.

"వీళ్ళ మొగాలెందుకురా? దుప్పట్లు ఏసుకుంటే సాలదా?"

చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. ఆయన ఎప్పుడూ తొడుక్కునే ముందు లోపల రాయి ఉందేమోనని చేత్తో తడిమి చూసుకునేవాడు. ఆ రోజు ఆ చేతిని చూస్తూ నేను పడిన సిగ్గు ఇంకెప్పుడూ పడలేదు. తువ్వాలు అడ్డం పెట్టుకున్న ఆయన్ని వెతికాను, దొరకలేదు. ఆయనకు నేను చెప్పవలసిన మాట అట్లాగే మిగిలిపోయింది.

అప్పటి నుంచి నా చేతి మీదుగా జరిగే ఏ పంపకంలోనూ కెమెరా లేదు. దాతలకు చూపించాలి కదా అని సంఘంలో ఏటా పోట్లాట అవుతుంది. ఏటా నేను ఒప్పుకోను. కొందరు ఇవ్వడం మానేశారు, మానేయనీ. ఒకరికి మందు కావాలంటే ఆ వీధికంతా వైద్య శిబిరం పెట్టిస్తాను. ఒక పిల్లకు ఫీజు కట్టాలంటే ఆ తరగతికంతా పుస్తకాలు పంచి, ఆ సందట్లో కడతాను. ఖర్చు ఎక్కువ, తిరుగుడు ఎక్కువ, పేరు రాదు. అయినా మానను.

మా నాయన పోయి కొన్నేళ్ళయింది. ఇక్కడ ఆయన పేరు రాయలేదు, నా పేరూ రాయను. ఆ రోజు రేణిగుంట గూడ్సు షెడ్డుకు కొత్త చెప్పులతో నడిచిపోయిన పన్నెండు మందిలో ఆయన ఎవరైనా కావచ్చు. సిస్టరమ్మ అంత శ్రమపడి కలిపేసిన మనిషిని నేను విడదీసి చూపించను.