కొత్త పంపుకు పాత వైరు

పెనుకొండ దగ్గర హైవే పక్కన మా తమ్ముడికి కార్ల షెడ్డు ఉంది. అక్కడ బండ్ల పుస్తకం రాసే పని నాది. ఏ బండి వచ్చింది, ఏం విప్పారు, ఏం బిగించారు, అంతవరకే. నా భర్త పోయాక ధర్మవరంలో మగ్గాల వాళ్ళకు పట్టు దారం కండెలకు చుట్టే పని మానేసి, తమ్ముడికి వంట చేసిపెడదామని వచ్చాను. వాడి చేతులకు ఎప్పుడూ గ్రీజు ఉంటుంది కాబట్టి పుస్తకం నా చేతికి వచ్చింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరేళ్ళకు, ధర్మవరంలో పక్కింటి మగ్గం ఆమె దగ్గర. చిన్నప్పుడు బడికి పోకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. తమ్ముడు పుట్టాడు. అమ్మా నాయనా చేనికి పోవాలి. వాణ్ణి మోయడానికి ఒక చంక కావాలి. వాడు బడికి పోయే వయసు వచ్చేసరికి నాకు ఆ వయసు దాటిపోయింది. వాడు ఐటీఐ చదివాడు, బెంగళూరులో కార్ల పని నేర్చాడు. నాకు ఒత్తులు ఇప్పటికీ సరిగ్గా పడవు.

ఆ ఎర్రకారు హిందూపురంలో బెల్లం మండీ వాళ్ళ అబ్బాయిది. పైకి అందరి కార్ల మాదిరే ఉంటుంది. లోపల బెంగళూరులో ఒకాయన చేత టర్బో తీయించి పెద్దది పెట్టించాడు, ల్యాప్‌టాప్ తగిలించి పెట్రోలు లెక్క కూడా ఆయనే పెట్టాడట. టర్బో అంటే ఇంజినులోకి గాలి తోసేదని తమ్ముడు నాకు చెప్పాడు. గాలి ఎక్కువ పోతే పెట్రోలు కూడా ఎక్కువ పోవాలి. పెట్రోలు తక్కువైతే లోపల వేడి ముదిరి ఇంజినే కరిగిపోతుంది. కంపెనీ వాళ్ళ పంపు ఆ గాలికి చాలడం లేదు, పెద్ద పంపు వెయ్యాలని ఆ బెంగళూరాయనే చెప్పాడట.

ఇలాంటి పనులకు ఈ చుట్టుపక్కల వాళ్ళు బెంగళూరుకే పోతారు. ఈ ఒక్క బండి బాగా కుదిరితే ఆ అబ్బాయి స్నేహితుల బండ్లన్నీ తన షెడ్డుకే వస్తాయని తమ్ముడి ఆశ. నా ఆశ కూడా అదే. నేను తింటున్నది ఆ షెడ్డు అన్నమే కదా.

వెనక సీటు ఎత్తి, కింద ఉన్న మూత విప్పి, ట్యాంకులోంచి పంపును పైకి లాగాడు. పెట్రోలు కారుతూ వచ్చిన దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. బోరులో దించే మోటరే అది. మునిగి కూర్చుని పైకి తోస్తుంది. కొలతే చిన్నది. పాతది తీసి కొత్తది పెట్టాడు. కొత్తదాన్ని పాత వైర్లకే తగిలించాడు. అవి సన్నవి.

"వైరు మార్చవారా?" అన్నాను.

"కంపెనీ వైరక్కా. చాలు."

"మోటరు పెద్దది కదరా. నాయన బోరుకు పెద్ద మోటరు దించి పాత కేబులే ఉంచితే ఏమాయె?"

"ఇది బోరు కాదక్కో. నువ్వు పోయి సంగటి చూడు, అడుగంటుతాండాది."

బండి అబ్బాయి అప్పుడే బయటి నుంచి వచ్చాడు, బోరు మాట ఒక్కటే విన్నాడు. "ఉండప్పా, అమ్మ మన బండికి గంగపూజ కూడా చేపిస్తాదేమో" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

నాయన బోరు సంగతి తమ్ముడికి గుర్తుండదు. అప్పుడు వాడు నా చంకలో ఉన్నాడు. కనగానపల్లి పక్కన మా చేను. నీళ్ళు లోతుకు పోయాయని బోరు ఇంకా దించి, పెద్ద మోటరు తెచ్చి, కేబులు మాత్రం పాతదే ఉంచాడు నాయన. కేబులు మీద చెయ్యి పెడితే పొయ్యి మీది గిన్నె మాదిరి కాలింది. "నాయనా, కాలతాండాది" అన్నాను. "ఆడదానివి, నీకేం తెలుసు" అన్నాడు. మూడో రోజు మోటరు కాలిపోయింది. చెనక్కాయ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే సమయం. ఆ పైరు మా కళ్ళ ముందే ఎండింది.

ఆ సాయంత్రం తమ్ముడూ ఆ అబ్బాయీ హైవే మీద కారు తోలి తిరిగి వచ్చారు. ఇద్దరి ముఖాలూ వెలుగుతున్నాయి. "ఏమి లాగుతాండాదప్పా!" అని ఆ అబ్బాయి తమ్ముడి భుజం చరిచాడు. సీటు ఇంకా బిగించలేదు. నేను వంగి వైరు మీద చెయ్యి పెట్టాను. అదే వేడి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చెయ్యి ఆ వేడిని గుర్తుపట్టింది.

ఆ అబ్బాయి ఫోను మాట్లాడుతూ బయటికి పోయినప్పుడు తమ్ముణ్ణి పిలిచాను. "రేయ్, చెయ్యి పెట్టి చూడు."

వాడు చెయ్యి పెట్టలేదు. గొంతు తగ్గించి, "తెలుసక్కా. బ్యాటరీ కాడ నుంచి లావు వైరు లాగాల. దానికి ఇంకో దినం పడతాది. ఆదివారం ఈ అబ్బికి బండి కావాలంట. తర్వాత చూస్తాంలే" అన్నాడు.

తెలుసక్కా అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

పుస్తకంలో రాశాను. "హిందూపురం ఎర్రకారు. కొత్త పంపు ఏసినాడు. పాత వైరుతోనే కరెంటు ఇచినాడు. వైరు కాలతాంది." ఎవరి మీదా చాడీ కాదు. తమ్ముడు చూసింది రాయమన్నాడు, చూసింది రాశాను.

రెండు వారాలకు ఆ కారు లారీ మీద వచ్చింది. బెంగళూరు పోతూ దారిలో పొగ కక్కి ఆగిపోయిందట. తమ్ముడు ఇంజిను విప్పాడు. ఒక పిస్టన్ నెత్తిన వేలు పట్టేంత బొక్క, అంచులు మైనం మాదిరి కరిగి ఉన్నాయి. తర్వాత వెనక సీటు ఎత్తాడు. పంపు దగ్గర వైరు తగిలించే చోట ప్లాస్టిక్ మాడి నల్లబడింది; కరెంటు చాలక పంపు పెట్రోలు తోయలేదన్నమాట. దాని ముందే కూలబడ్డాడు.

"ఈ ఇంజిను నా నెత్తిన పడితే షెడ్డు మూసుకోవాలక్కా" అన్నాడు. అంతే. తర్వాత లేచి ఒక చుట్ట లావు వైరు తెచ్చాడు. మాడిన ముక్క పీకేసి, బ్యాటరీ నుంచి వెనకదాకా కొత్త వైరు లాగాడు. రెండో కొస పట్టుకోమంటే పట్టుకున్నాను. వైరు మెరుస్తోంది. మసిగుడ్డ తీసుకుని దానికి గ్రీజు రుద్దాడు, ఆ పైన నేల మీది దుమ్ము చల్లాడు. అప్పుడు అర్థమైంది నాకు. అయినా కొస వదల్లేదు.

మరుసటి రోజు ఆ అబ్బాయి వచ్చాడు. వంగి వైరు చూశాడు. "వైరు లావుదే ఏసినావు గదా?" అన్నాడు.

"ఆ పొద్దే ఏసినానప్పా. బంకులో పెట్రోలు కల్తీదేమో, లేదంటే ఆ బెంగళూరాయన ల్యాప్‌టాప్‌లో లెక్క తప్పు పెట్టినాడేమో."

ఆ అబ్బాయి అటూ ఇటూ చూసి, నేరుగా పోయి గూట్లోంచి నా పుస్తకం తీశాడు. నేను రాసి అక్కడ పెట్టడం ఆ పొద్దు చూసినట్టున్నాడు. పుస్తకం సంగతి తమ్ముడికి గుర్తుకు రాలేదు. నేను రాసింది వాడు ఏనాడైనా చదివి ఉంటే గుర్తుండేది.

ఆ అబ్బాయి వేలు పెట్టి చదివాడు. "పాత వైరుతోనే అని ఉండాదే ఈడ?"

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు వాడికి ఎక్కడినుంచి వచ్చిందో. "మా అక్క రాసింది నమ్ముతావాప్పా? నిన్న మొన్న నేర్చుకున్యాది అచ్చరాలు. చూడు, 'ఇచ్చినాడు'కు ఒత్తే లేదు. ఏదో రాయబోయి ఏదో రాసింటాది."

ఆ అబ్బాయి నా వైపు తిరిగాడు. "దుడ్ల గురించి కాదమ్మా. తప్పు యాడ జరిగిందో తెలియాల నాకు. నువ్వు చెప్పు, పాత వైరా?"

తమ్ముడు నా ముఖం చూడలేదు. స్పానరు చూస్తున్నాడు. చిన్నప్పుడు కూడా ఏదైనా పగలగొడితే వాడు నేల చూసేవాడు. దెబ్బలు నాకు పడేవి.

"తప్పు రాసినానప్పా" అన్నాను. "నాకింకా రాయను సరిగ్గా రాదు."

ఆ అబ్బాయి పుస్తకం మూసి నా చేతికే ఇచ్చాడు. "ఫర్వాలేదమ్మా. ఈ వయసులో నేర్చుకున్యావు, అదే గొప్ప" అన్నాడు. మంచివాడే. ఆ మాట కంటే ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. కారును బెంగళూరుకు తీసుకుపోయాడు.

షెడ్డు నిలిచింది. నెల తర్వాత తమ్ముడు ధర్మవరం పోయి నాకు ఒక పట్టుచీర తెచ్చాడు.  ఇరవై ఏళ్ళు ఆ ఊరిలో పట్టు కండెలు చుట్టాను, ఒక్క పట్టుచీరా కట్టలేదు. ఇదీ కట్టలేదు. పుస్తకం రాయడం మానేశాను. వాడూ రాయమనలేదు. ఇప్పుడు ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకుంటున్నాడు.

మొన్న ఇంకో బండి వచ్చింది, అదీ టర్బోదే. నేను వంటగదిలో ఉన్నాను. తమ్ముడు బండి యజమానికి చెబుతున్నాడు: "పంపు పెద్దది ఏస్తే వైరు కూడా పెద్దది ఏయాలప్పా. బోరు మోటరు మాదిరే. మా నాయన బోరుకు పాత కేబులు పెట్టి మోటరు కాల్చుకున్యాడు, నాకు బాగా గుర్తుండాది."

"బలే చెప్తివబ్బా" అన్నాడు ఆ వచ్చినాయన.

పొయ్యి ఆర్పి, పాత పుస్తకం తీశాను. ఆ పుట దొరికింది. పెన్ను తీసుకుని 'చి' కింద చిన్నగా ఒక 'చ' ఒత్తు పెట్టాను.

పాత వైరుతోనే కరెంటు ఇచ్చినాడు.