నాలుగో పొట్లం

మొన్న తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మా వీధిలోకి ఒక వాలంటీరు అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి, ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగింది. ఎవరు పంపారమ్మా, ఈ లెక్క ఎక్కడికి పోతుంది అని ఎదురు ప్రశ్నలు వేసి ఆ పిల్లను గుమ్మంలోనే నిలబెట్టేశాను. అనుమానం నా పుట్టుబుద్ధని మా ఆవిడ అంటుంది. నిజమే గానీ, తలల లెక్కంటే నాకు బెదురు పట్టుకోవడానికి వేరే కారణం ఉంది.

తొంభైల్లో కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిన తుఫాను నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను భీమవరం దగ్గర ఒక హైస్కూల్లో కొత్తగా చేరిన గుమాస్తాని. మా పెదనాన్నగారు చుట్టుపక్కల రైతుల్ని కూడగట్టి, రెండో పూటకైనా పాడవదని పులిహోర కలిపించి, విస్తరాకుల్లో పొట్లాలు కట్టించి, ట్రాక్టరును పంటు మీద గోదావరి దాటించి సముద్రం ఒడ్డు ఊళ్ళకు పంపేవారు. పంచే పని నాది. ఆ ఒడ్డువాళ్ళు ఒకటికి రెండు పట్టుకుపోతారు, ఒళ్ళు దగ్గర పెట్టుకోమని బయలుదేరే ముందు మరీ మరీ చెప్పారు. నాకు వేరే చెప్పాలా! తుఫాను షెల్టరులో కుటుంబాలవారీగా జాబితా రాసి, తలకొక పొట్లం ఇచ్చి, అందుకున్న ప్రతి బొటనవేలి మీదా స్కెచ్ పెన్నుతో గీత గీసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇద్దరు పిల్లలున్న ఒకావిడ నలుగురమని రాయించి, రోజూ నాలుగు పొట్లాలు తీసుకునేది. గీత పడిన వేళ్ళు మాత్రం మూడే. మూడో రోజు పొద్దున్న ఏదో పనున్నట్టు అటు తిరుగుతూ చూద్దును కదా, ఒక పొట్లం తువ్వాల్లో మూటగట్టి కిటికీ ఊచకు వేలాడుతోంది. దాచుకుని అమ్ముకుంటోందని తేల్చేశాను. మధ్యాహ్నం వరసలో అందరి ముందూ నాలుగో పేరు కొట్టేసి, మనిషి కనబడితేనే పొట్లమన్నాను.

"మా ఆయన వేటకెళ్ళాడండి బాబూ, వచ్చేత్తాడు," అంది ఆవిడ. మరి దెబ్బలాడలేదు. తన పొట్లం తీసుకెళ్ళి ఊచకు కట్టి, పిల్లలకు తినిపిస్తూ తాను ఊరికే కూర్చుంది.

వరసలో వెనకున్న ముసలాయన అప్పుడు నాకు చెప్పాడు. సముద్రం మీదున్న మనిషి వాటా ఇంట్లో ముందు తీసి పెడతారట. వాటా తీయడం మానేస్తే ఆ మనిషి మీద ఆశ వదులుకున్నట్టేనట. ఆవిడ పాతబడకుండా రోజూ పొద్దున్న నిన్నటి పొట్లం పిల్లలకు పెట్టేసి, మధ్యాహ్నం కొత్తది కడుతోందట. పరుగున పొట్లం తీసుకెళ్ళి ఇచ్చాను గానీ, ఈలోగా మా జాబితా మండలాఫీసుకు వెళ్ళిపోయింది. పేరుండి షెల్టరులో కనబడనివాళ్ళను అందులోంచే ఏరి, వేటకెళ్ళి తిరిగిరానివాళ్ళుగా వెతకడానికి పడవలు పంపుతున్నారట. నేను కొట్టేసిన పేరు అందులో లేదు.

ఎవరిదో సైకిలు మీద పడుతూ లేస్తూ మండలాఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి నన్ను ఎగాదిగా చూసి, "మీరే లేడని కొట్టేసి, మీరే ఉన్నాడంటారేంటండి? ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?" అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. బతిమాలి బతిమాలి సాయంత్రానికి పేరు రాయించాను. అప్పటికి పడవలు వెళ్ళిపోయాయి.

అతను తిరిగి రాలేదు. పేరు ముందే ఉన్నా దొరికేవాడు కాదని అందరూ నాకు ధైర్యం చెప్పారు. కావచ్చు. కానీ ఊళ్ళో అందరినీ అనుమానించిన నాకు ఆ ఒక్క అనుమానం మాత్రం ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు తుఫాను ఎక్కడ తీరం దాటేదీ నాలుగు రోజుల ముందే ఫోనులో తెలుస్తోంది. వేళ్ళ మీద గీతలూ లేవు, ట్రాక్టరు వెనక ఆ పులిహోర వాసనా లేదు. మంచిదే. అయినా తడిసిన కాగితం మీద పెన్సిలుతో పేరు రాసుకుంటున్నప్పుడు ఎదుటి మనిషి ముఖం చూసే వీలుండేది. ఉన్న వీలు నేనే వాడుకోలేదు.

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయికి చివరికి ముగ్గురమని చెప్పాను. ఎవరెవరండీ అంది. నేనూ, మా ఆవిడా, కాకినాడ పని మీద వెళ్ళిన మా అబ్బాయీ అన్నాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళే కావాలండి అంది. ఉన్నా లేకపోయినా ముగ్గురనే రాయమ్మా అని పట్టుబట్టాను. ఆ పిల్ల ఫోను మీంచి తలెత్తి నన్ను అనుమానంగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు.