రంగు కింద తుప్పు

హైటెక్ సిటీకి ఉద్యోగులను తిప్పుకుందామని, చిన్ననాటి దోస్తు దగ్గర పాత వ్యాను కొన్నాను. మెరిసే రంగు కింద అంతా తుప్పే. నేనే బాగు చేసుకుందామని మొయినాబాద్‌లో వెల్డింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా మంటను చూశాను. సాయంత్రం చేవెళ్ల బస్సులో కళ్లు మండిపోయి ఒకటే నీళ్లు.

పక్క సీట్లో ఉన్న ముసలావిడ, “ఎందుకేడుస్తున్నవు బిడ్డా?” అంది.

“ఏడుస్తలేనవ్వా, వెల్డింగ్ మంట చూసిన,” అంటూ వ్యాను సంగతంతా చెప్పాను.

“అమ్మినోనికి తుప్పు సంగతి ఎరుకేనా?”

“ఆ రంగేసిందే వాడవ్వా.” చెబుతూ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.

ఆమె కొంగు విప్పి, నా ముఖం ఎవరికీ కనపడకుండా అడ్డంగా పట్టుకుంది. “గిప్పుడు ఏడ్వు. ఎవ్వరు చూడరు.”

నిజంగానే ఏడ్చాను. చేవెళ్ల వచ్చేదాకా ఆమె కొంగు దించలేదు.