ఇస్త్రీ అత్త ఒప్పుకోలేదు

మా అత్త దేవుడితో మాట్లాడేటప్పుడు బయట నిలబడి వింటే, లోపల ఎవరితోనో వాటాల తగాదా నడుస్తోందనుకుంటారు. "చూస్తూనే ఉన్నావుగా? చూసి ఏం చేశావ్?" అని గట్టిగానే నిలదీస్తుంది. మా నాన్న చెవులు మూసుకుంటాడు. అత్త ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు పోయాక మా ఇంట్లోనే ముందు గదిలో ఉంటోంది. నాన్న భక్తి వేరు. గొంతు తగ్గించి, తల వంచి, దొరికింది చాలనుకునే రకం.

అత్త పని చేసేది ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దిండు గలీబులు వచ్చే పెద్ద లాండ్రీలో. నేను కాలేజీ వదిలేసి అక్కడే వ్యానుకి మూటలు ఎక్కిస్తున్నాను. కాబట్టి ఇవి చెప్పుడు మాటలు కావు, కళ్ళారా చూసినవే. అక్కడ ఆవిణ్ణి అందరూ ఇస్త్రీ అత్త అనే పిలుస్తారు, ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా.

ఇస్త్రీ మిషనుకి అటొకటి, ఇటొకటి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైనుంచి వేడి పలక దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే పలక కిందకి పోవు కదా, అందుకు. మిషను చేసినవాడికి బుర్ర ఉంది. మా మేనేజరుకి తొందర ఉంది. "కానివ్వండి, కానివ్వండి" తప్ప ఇంకో మాట రాదు కాబట్టి ఆయన్ని కానివ్వండి సారు అంటాం. ఎడమ బటన్ సందులో బట్టలారేసే చెక్క క్లిప్పు దూరిస్తే అది నొక్కినట్టే ఉండిపోతుందని కనిపెట్టింది ఆయనే. ఇక కుడి చెయ్యి ఒక్కటీ చాలు. ఎడమ చేత్తో ముడతలు సర్దుకుంటూ పోతే పని పరిగెడుతుంది. పొట్లం తెచ్చి తలా ఒక క్లిప్పు పంచాడు. ఆడవాళ్ళు దాన్ని ఏప్రన్ అంచుకి తగిలించుకునేవాళ్ళు. పొద్దున్నే రావడం, క్లిప్పు దూర్చడం. పెట్టనివాళ్ళని మిగతావాళ్ళే బద్ధకిస్టులనేవాళ్ళు.

ఒకరోజు పలక అత్త ఎడమ చేతి మీద దిగింది.

వేళ్ళు ముడుచుకుపోయాయి. ఇక తెరుచుకోవన్నాడు డాక్టరు. కానివ్వండి సారు ఆసుపత్రికి పళ్ళు పట్టుకుని వచ్చాడు. "క్లిప్పు పెట్టుకుంది నువ్వే కదమ్మా. తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడు. నా పొరపాటే సార్ అని ఒక్క మాట అనెయ్. కూర్చుని మడతలు పెట్టే పని ఇస్తా. లేదంటే ఒంటి చేతి మనిషికి ఎవరిస్తారు పని?"

ఇంటికొచ్చాక నాన్న కూడా అదే పాట. "ఒప్పేసుకో అమ్మాయ్. ఏదో ఉద్దేశం లేకుండా దేవుడు ఇంత కష్టం పెట్టడు. ఇది నీకు పరీక్ష."

"పరీక్షా? చెప్పని పాఠంలోంచి ప్రశ్నలిచ్చాడా అన్నయ్యా?"

"దేవుడితో వెటకారమా?"

"ఆయనతో కాదు, నీతో."

నేను ఊరుకోలేక, "అసలు దేవుడే లేడనుకుంటే ఏ గొడవా ఉండదు కదత్తా" అన్నాను.

"నువ్వు నోర్ముయ్. పరీక్ష హాల్లోంచి పారిపోయొచ్చినవాడివి, నీకెందుకురా ఇవన్నీ?" అని కసిరి, మళ్ళీ తనే అడిగింది. "నా మిషను మీద ఎవరున్నారిప్పుడు?"

"కొత్తమ్మాయి. మొన్ననే చేరింది."

"క్లిప్పు పెడుతోందా?"

"పెట్టనిదెవరు?"

అత్త లేచి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఆ సాయంత్రం తగాదా మామూలుది కాదు. "ఆ పిల్ల చెయ్యి కూడా నీ ఉద్దేశమేనా? చెప్పు!" అన్న మాట వీధిలోకి వినబడింది. మొహం కడుక్కుని బయటికొచ్చి, "తనిఖీ రోజు నేనూ వస్తున్నాను" అంది.

తనిఖీ రోజు కానివ్వండి సారు బటన్ల సందుల్లోని క్లిప్పులన్నీ తీయించేశాడు. ఆఫీసరు ఆ వేడికి కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పమ్మా, ఎవరి పొరపాటు?"

"క్లిప్పు పెట్టింది నేనే సార్."

కానివ్వండి సారు ఊపిరి పీల్చుకున్నాడు. అత్త ఆగలేదు. "ఎలాగో చూపిస్తా" అని, కట్టుకొచ్చిన తన పాత ఏప్రన్ అంచున ఉన్న క్లిప్పు కుడి చేత్తో తీసి, ఎడమ బటన్ సందులో దూర్చి, కుడి బటన్ నొక్కింది. పలక బుస్సుమని దిగింది. ఆఫీసరు వెనక్కి గెంతాడు.

"ఈ క్లిప్పు ఇచ్చింది ఈయన. నాకొక్కదానికే కాదు, అందరికీ ఇచ్చాడు. తప్పంతా నాదే అనమంటే అనను. ఆ అబద్ధం ఆడి దేవుడికి మొహం చూపించలేను."

"నొప్పితో మతి పోయింది సార్ ఈవిడకి!"

ఆఫీసరు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "మీకూ ఇచ్చాడా?"

అందరూ నేల చూపులే. అత్త పక్కన ఏళ్ళ తరబడి నిలబడి పని చేసినవాళ్ళు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు కొత్తమ్మాయి ఏప్రన్ అంచు నుంచి తన క్లిప్పు ఊడదీసి ఆఫీసరు చేతిలో పెట్టింది.

ఆ ఒక్కటే చాలింది. క్లిప్పులు పోయాయి. ఇప్పుడు అందరూ రెండు చేతులతోనే నొక్కుతున్నారు. కానివ్వండి సారు మాత్రం ఎక్కడికీ పోలేదు, పోయింది అత్త పనే.

సంగతి విని నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "చూశావా అమ్మాయ్! ఆ పిల్లని కాపాడ్డానికే దేవుడు నీకింత బాధ పెట్టాడు. ఇదీ ఆయన ఉద్దేశం."

"ఆగు అన్నయ్యా. ఒకరి చెయ్యి కాపాడ్డానికి ఇంకొకరి చెయ్యి కాల్చాలా? ఆయనకి ఇంకో దారే తోచలేదా? నా చెయ్యి కాల్చింది వాడి తొందర. దాన్ని తీసుకెళ్ళి దేవుడి నెత్తిన రుద్దకు. ఆయన చేసింది ఒకటే. ఒప్పేసుకుని హాయిగా కూర్చుందామనుకున్నప్పుడల్లా నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆయన ఉద్దేశం గురించి నాకు తెలిసింది ఆ మాత్రమే."

"మరి బతుకుతెరువు?"

"పక్క వీధిలో ఇంకో లాండ్రీ ఉందిగా. కుడి చెయ్యి చాలే పని ఉందేమో అడుగుతా. లేదంటే, వాళ్ళ మిషన్లలో ఏం దూరుస్తున్నారో అదైనా చూసొస్తా."

నాన్న తల పట్టుకున్నాడు. ఆవిడ అప్పటికే గుమ్మంలో వంగి, ఒంటి చేత్తో చెప్పు పట్టీ బిగించుకుంటోంది.